కాగితం మీద ఎవరి పేరు?

మా చెరుకుపల్లి వైపు ఎవరైనా విదేశాలకు వెళ్తున్నారంటే జనం అడిగే ప్రశ్నలు మూడే మూడు. ఏ దేశం? ఏ కంపెనీ? జీతం ఎంత? మొదటిదానికి నా దగ్గర జవాబు ఉంది. దుబాయ్. మిగిలిన రెండింటికీ లేదు. కంపెనీ లేదు కాబట్టి జీతమూ లేదు. అదే చెబితే, ఈ పిల్ల ఏదో దాస్తోంది అన్నట్టు చూసేవాళ్ళు.

వాళ్ళ తప్పేం లేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఏ ఊళ్ళో చూసినా అమెరికాలో కొడుకో కూతురో అల్లుడో ఉన్న ఇళ్ళే. వీళ్ళందరికీ హెచ్-1బి అంటే తెలుసు. కంపెనీ దరఖాస్తు పెడితేనే ఆ వీసా వస్తుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ చూసుకోవాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ 60 రోజులు ఇక్కడ తల్లిదండ్రులకు నిద్ర ఉండదు. అందుకే మా వాళ్ళ దృష్టిలో వీసా అంటే కంపెనీ, కంపెనీ అంటే వీసా. "కంపెనీ లేకుండా వీసా ఎవరిస్తారే నీకు, మొహం చూసి ఇస్తారా?" అంది మా మేనత్త. మొహం చూసి కాదత్తా, పని చూసి ఇస్తారు అని చెప్పాను. నమ్మలేదు.

నా పని గురించి చెప్పాలి. నేను డిజైనర్‌ని. పచ్చడి సీసా మీద లేబులు, మసాలా పొడి ప్యాకెట్టు, హోటల్ మెనూ కార్డు, ఫోన్లలో తిరిగే ప్రకటనలు, ఇలాంటివి తయారుచేస్తాను. తెనాలిలో బీకాం చదివి, హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో ఆరేళ్ళు పనిచేశాను. 2020 లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చినదాన్ని మళ్ళీ వెళ్ళలేదు. మేడ మీద గది, ఇన్వర్టర్, ఫైబర్ కనెక్షన్. అంతే నా ఆఫీసు. కరెంటు పోతే ఇన్వర్టర్, ఇన్వర్టర్ పోతే ఫోన్ హాట్‌స్పాట్. నాలుగేళ్ళు అట్టాగే గడిచాయి.

నాకు పని ఇచ్చేవాళ్ళలో ముగ్గురు దుబాయ్ వాళ్ళు. రెండు టిఫిన్ హోటళ్ళు నడిపే మన తెలుగు కుటుంబం, మసాలాలు ప్యాక్ చేసి అమ్మే ఒక మలయాళీ ఆయన, పిల్లల బట్టల దుకాణం ఒకటి. ఇక్కడ కూర్చుని వాళ్ళకు పని చేయడంలో ఇబ్బంది ఏంటంటే, స్క్రీన్ మీద పసుపు రంగు ప్యాకెట్టు మీద పసుపుగా రాదు. ప్రింటింగ్ ప్రెస్సులో పక్కన నిలబడి చూసే మనిషి కావాలి. ఆ మనిషి దగ్గర ఉంటే ఇంకో నాలుగు పనులు వస్తాయి. "నువ్వు ఇక్కడికి వచ్చేసెయ్, నా కంపెనీ వీసా ఇస్తాను, నెలకు 5,500 దిర్హాములు" అన్నాడు మసాలాల ఆయన, 2024 మొదట్లో. మంచి మనిషే. కానీ ఆయన వీసా మీద వెళ్తే నేను ఆయన ఉద్యోగిని. మిగిలిన వాళ్ళకు నా ఇష్టం వచ్చినట్టు పని చేయడం కుదరదు, దానికి మళ్ళీ వేరే అనుమతులు కావాలి. ఆయన వ్యాపారం దెబ్బతింటే నా వీసా కూడా దెబ్బతింటుంది. నాలుగేళ్ళుగా ఒక్కొక్కరినీ కూడబెట్టుకున్న ఖాతాదారులను వదిలేసి మళ్ళీ జీతానికి వెళ్ళడం నాకు మనసొప్పలేదు.

అప్పుడు నా కంట పడింది ఫ్రీలాన్స్ వీసా.

ఇంట్లో ఆ మాట అనగానే మా బాబాయి చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏందీ, ఫ్రీ వీసానా? వద్దు అమ్మాయ్. నా మాట విను. ఆ పేరు మళ్ళీ ఎత్తబాక" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్ళున్న ఊళ్ళలో ఈ మాటకు అర్థం వేరే ఉంది. ఫ్రీ వీసా అన్నా, ఆజాద్ వీసా అన్నా ఒకటే. పేరులో స్వేచ్ఛ ఉంది గానీ నిజానికి అలాంటి వీసా ఏ దేశం చట్టంలోనూ లేదు. అక్కడి మనిషి ఒకడు, కఫీల్ అంటారు, తన కంపెనీలో పని ఉందని చెప్పి వీసా తీయిస్తాడు. పనేమీ ఉండదు. వీసా అమ్ముకుంటాడు. కొనుక్కున్నవాడు బయట ఎక్కడ దొరికితే అక్కడ పని చేసుకోవాలి. రెన్యువల్ వచ్చినప్పుడల్లా కఫీల్‌కు మళ్ళీ డబ్బు కట్టాలి. కాగితం మీద ఒకడి దగ్గర ఉద్యోగం, ఒంటితో చేసేది ఇంకొకడి దగ్గర. పట్టుబడితే పనివాడిదే నేరం.

మా బాబాయి 1998లో షార్జా వెళ్ళింది అలాంటి వీసా మీదే. ఎనిమిదో తరగతి వరకే చదివాడు. కరెంటు పని చేతిలో ఉంది. అప్పు చేసి 60 వేలు కట్టాడు. ఐదేళ్ళు బాగానే సాగింది. తర్వాత కఫీల్ వ్యాపారం మూసేసుకుని ఎటో పోయాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే. రెన్యువల్ లేదు. అప్పట్నుంచీ బాబాయి అక్కడివాళ్ళ భాషలో ఖల్లివల్లి. అంటే కాగితాల్లేని మనిషి. రోడ్డు మీద పోలీసు కనిపిస్తే సందులోకి తిరిగేవాడట. పని చేయించుకున్నవాళ్ళు డబ్బు ఎగ్గొట్టినా అడగడానికి లేదు, ఎవరికి చెప్పుకుంటాడు?

2005లో మా నాయనమ్మ పోయింది. బాబాయికి ఫోన్‌లో చెప్పారు. రాలేకపోయాడు. తలకొరివి మా నాన్నే పెట్టాడనుకోండి, పెద్దకొడుకు కాబట్టి. కానీ ఆవిడ చివరి నెల రోజులూ అడిగింది చిన్నకొడుకునే. 2007లో అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించింది. జరిమానా, జైలు లేకుండా సొంత దేశానికి వెళ్ళిపోవచ్చు అని. ఆ గుంపులో బాబాయి ఇంటికొచ్చాడు. తొమ్మిదేళ్ళ తర్వాత చేతిసంచితో దిగాడు. ఇప్పుడు చెరుకుపల్లిలోనే మోటార్లు బాగుచేసుకుంటున్నాడు.

కాబట్టి ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. పైగా ఆ భయం నిజమేనని వారం తిరక్కుండానే తెలిసింది. మా పక్క టౌనులో ఒక ఏజెంటు 'దుబాయ్ ఫ్రీలాన్స్ వీసాలు' అని బోర్డు పెట్టాడని ఎవరో చెప్పారు. బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

"రెండేళ్ళ వీసా మేడం. మూడున్నర లక్షలు. మీరు ఏ పనైనా చేసుకోవచ్చు, ఎక్కడైనా చేసుకోవచ్చు. అడిగేవాడు ఉండడు" అన్నాడు.

బాబాయి ఒకటే ప్రశ్న అడిగాడు. "కాగితం మీద ఎవరి పేరు ఉంటది బాబూ?"

"అంటే?"

"అంటే, వీసా ఇచ్చేది ఎవరు? మా అమ్మాయిదేనా పర్మిట్, లేకపోతే ఏదన్నా కంపెనీదా?"

అతను కాసేపు అటూ ఇటూ చెప్పి చివరికి, క్లీనింగ్ కంపెనీ ఒకటి ఉంది, దాని కోటాలో వేస్తాం, అది ఫార్మాలిటీనే అన్నాడు. బాబాయి లేచి నిలబడ్డాడు. "పద అమ్మాయ్. ఇది నేను కొన్న వీసానే. బోర్డు మార్చారు, అంతే."

ఇరవై ఆరేళ్ళలో పేరు మాత్రం మారింది. నిజమైన ఫ్రీలాన్స్ వీసాలు వచ్చాక వాటి నీడలో పాత సరుకే కొత్త పేరుతో అమ్ముడుపోతోంది. ఒకటి మాత్రం మారింది. 2024 ఆగస్టులో యూఏఈ చట్టం సవరించి, పర్మిట్ లేనివాళ్ళతో పని చేయించుకునేవాళ్ళకు, ఉద్యోగం ఇవ్వకుండా వట్టిగా మనుషుల్ని రప్పించేవాళ్ళకు జరిమానా లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దిర్హాముల దాకా పెంచారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్ళీ ఆమ్నెస్టీ మొదలై డిసెంబర్ ఆఖరు దాకా నడిచింది. ఆ వార్త టీవీలో వస్తుంటే బాబాయి చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మరి అసలు ఫ్రీలాన్స్ వీసా అంటే ఏంటి? నేను తెలుసుకున్నది చెబుతాను.

ఇందులో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి పర్మిట్. ఫలానా మనిషి ఫలానా పని సొంతంగా చేసుకోవచ్చు అని ప్రభుత్వ సంస్థో, ఫ్రీజోనో ఇచ్చే అనుమతి. రెండోది ఆ పర్మిట్ ఆధారంగా వచ్చే నివాస వీసా. దుబాయ్‌లో మీడియా, టెక్నాలజీ, చదువు చెప్పడం, డిజైన్ రంగాలవాళ్ళకు 'గో ఫ్రీలాన్స్' అనే పర్మిట్ ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. డిజైనర్లు చేసిన పని నమూనాలు చూపించాలి. పర్మిట్ మన సొంత పేరు మీదే వస్తుంది, వ్యాపారం పేరు పెట్టుకోవడం కుదరదు. మనం ఇంకొకరిని ఉద్యోగంలో పెట్టుకోకూడదు. పర్మిట్‌లో రాసిన పని తప్ప వేరేది చేయకూడదు. అంటే 'ఏ పనైనా చేసుకోవచ్చు' అని ఎవడైనా అన్నాడంటే, అది ఫ్రీలాన్స్ వీసా కానట్టే లెక్క.

నేను లెక్క వేసుకున్నప్పుడు పర్మిట్ ఏడాదికి 7,500 దిర్హాములు. ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డు అని ఇంకోటి, దాదాపు 2,000. రెండేళ్ళ వీసా, మెడికల్ టెస్టు, ఎమిరేట్స్ ఐడీ అన్నీ కలిపి ఇంకో 5,000 దాకా. మొత్తం 14,500. దిర్హాము అప్పుడు దాదాపు 23 రూపాయలు. అంటే మూడు లక్షల ముప్ఫై మూడు వేలు. హెల్త్ ఇన్సూరెన్సు, విమానం టికెట్టు కాక. ఈ రుసుములు మారుతుంటాయి, వెళ్ళేవాళ్ళు అప్పటి లెక్క చూసుకోవాలి.

ఇంచుమించు ఏజెంటు అడిగినంతే అయింది, చూశారా! అదే డబ్బుకు ఒకచోట నా పేరున పర్మిట్ వస్తుంది, ఇంకోచోట క్లీనింగ్ కంపెనీ పేరున వీసా వస్తుంది.

దీనికన్నా పెద్దది ఐదేళ్ళ గ్రీన్ వీసా. 2022 అక్టోబర్‌లో వచ్చింది. దానికి డిగ్రీయో డిప్లొమానో ఉండాలి, సొంత పని మీద గత రెండేళ్ళూ ఏడాదికి 3,60,000 దిర్హాములకు తగ్గకుండా సంపాదించి ఉండాలి. మన డబ్బులో ఎనభై రెండు లక్షలు. నాకు అందే కొమ్మ కాదు. ఇంకో రకం, బయటి దేశంలో ఉద్యోగం చేస్తూ దుబాయ్‌లో కూర్చుని పనిచేసుకునే ఏడాది వీసా. దానికి నెలకు 3,500 డాలర్ల ఆదాయం చూపించాలి. జర్మనీలో అయితే రచయితలు, కళాకారులు, అనువాదకులు, ఇంజనీర్లు లాంటివాళ్ళు సొంతంగా పనిచేసుకోవడానికి నివాస చట్టం 21వ సెక్షన్ కింద అనుమతి ఇస్తారు. 45 దాటినవాళ్ళయితే ముసలితనానికి ఏం దాచుకున్నారో కూడా చూపించాలి. ఇట్టాంటివి చదువుతుంటే నాకు ఒకటి అర్థమైంది. ఏ దేశమైనా అడిగేది ఒకటే. నీకు పని ఉందా, ఆ పని నిన్ను పోషిస్తుందా, మాకు భారం కావు కదా?

దానికి రుజువులు కావాలి. నాలుగేళ్ళుగా నేను పంపిన ప్రతి బిల్లూ, విదేశాల నుంచి డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చే కాగితం, ఇన్‌కం టాక్స్ రిటర్నులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని ఉన్నాను. డిగ్రీ అడిగితే ఉండాలని నాగార్జున యూనివర్సిటీ సర్టిఫికెట్‌కు అటెస్టేషన్ చేయించాను. ముందు రాష్ట్రంలో, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖలో, ఆ తర్వాత యూఏఈ ఎంబసీలో. మూడు ముద్రలు పడేసరికి రెండు నెలలు.

ఇంకోటి. విదేశాల్లో ఉద్యోగం ఇప్పించే ఏజెంటు మన ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం అది. మనిషి దగ్గర 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. రిజిస్టర్ అయినవాళ్ళ పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఇక ఫ్రీలాన్స్ పర్మిట్‌లో అసలు ఉద్యోగమే లేదు కాబట్టి, ఇప్పించేవాడి అవసరమే లేదు.

ఇదంతా నాన్నకు చెప్పడం ఎట్టాగా అనుకున్నాను. నాన్నది సొంత పొలం అరెకరం, కౌలుకు చేసేది నాలుగెకరాలు. ఖరీఫ్‌లో వరి, తర్వాత మినుము. ఎప్పుడూ పొలం పని తప్ప మాట్లాడడు. నేను పర్మిట్, వీసా, కఫీల్ అని ఏవేవో చెప్పి, "వీసా మన పేరు మీద ఉంటే ఎన్ని చోట్లయినా పని చేసుకోవచ్చు నాన్నా, వేరేవాడి పేరు మీద ఉంటే మన కష్టం మనది కాదు" అన్నాను.

"అంటే ఇది కౌలు కాదు, పట్టా అన్నమాట" అన్నాడు.

అంత తేలిగ్గా నేను కూడా అర్థం చేసుకోలేదు. కౌలు చేసేవాడికి తెలుసు, కాగితం మీద పేరు లేకపోవడం అంటే ఏంటో. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది. నష్టం నాన్నది. పాస్‌పుస్తకంలో పేరు ఆసామిది. 2019 చట్టం ప్రకారం కౌలుదారులకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు, కానీ దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని ఆసాములకు భయం. నాన్న అడగలేదు, ఆయన పెట్టలేదు. అప్పు తెచ్చింది, నాట్లు వేయించింది, నీళ్ళు కట్టింది నాన్న. అయినా కాగితం దృష్టిలో ఆ పొలంలో నాన్న లేడు.

షార్జాలో బాబాయి ఉన్నదీ అట్టాగే కదా.

"అయితే పట్టా అన్నాక శిస్తు నువ్వే కట్టుకోవాలి. పంట పోతే నష్టం కూడా నీదే. ఎవడూ జీతం ఇవ్వడు" అన్నాడు నాన్న. తెలుసు అన్నాను. "సరే, పోయిరా" అన్నాడు. అమ్మ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గోంగూర పచ్చడికి సీసాలు కడగడం మొదలుపెట్టింది. వెళ్ళమన్నట్టే అనుకున్నాను.

2025 జనవరిలో వెళ్ళాను. నాన్న అన్నదాంట్లో ప్రతి మాటా నిజమైంది. కరామాలో ఇద్దరు అమ్మాయిలతో కలిసి గది తీసుకున్నాను. అక్కడ ఇల్లు కావాలంటే ముందు అడిగేది జీతం సర్టిఫికెట్. నాకు అది లేదు. అద్దెకు ముందు తేదీల చెక్కులు ఇవ్వాలి, చెక్కుబుక్కుకు బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు మళ్ళీ ఆదాయం చూపించాలి. రెండు నెలలు ఈ చక్రంలో తిరిగాను. మార్చిలో చేతినిండా పని, జూలైలో ఎండలకు ఊరంతా సెలవుల మీద పోతే పనే లేదు. ఒకాయన మూడు నెలల బిల్లు బాకీ పెట్టాడు. సెలవు పెడితే డబ్బు రాదు, జ్వరం వచ్చినా రాదు. ఉద్యోగులకు ఇచ్చినట్టు చివర్లో గ్రాట్యుటీ లేదు. అక్కడ వ్యక్తులకు ఇన్‌కం టాక్స్ లేదు, సొంత పని చేసుకునేవాళ్ళ టర్నోవర్ ఏడాదికి పది లక్షల దిర్హాములు దాటితేనే పన్ను మాట. నా వరకు ఆ బెంగ లేదు లెండి.

కానీ బాకీ పెట్టినాయనకు నేను నోటీసు పంపగలిగాను. నా పేరున పర్మిట్ ఉంది, నా పేరున బిల్లు ఉంది. నోటీసు అందిన పది రోజులకు డబ్బు వేశాడు. బాబాయికి చెబితే ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. "నాకు ఏడు నెలల కూలి ఎగ్గొట్టాడమ్మా ఒకడు. ఎవరికి చెప్పుకోను?" అన్నాడు.

ఇంకో సంగతి. ఆ రెండేళ్ళ వీసా మీద వరసగా ఆరు నెలలకు మించి బయట ఉండకూడదు. అంతే షరతు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆగస్టులో అమ్మకు ఒంట్లో బాగాలేదని ఫోన్ వస్తే ఆ రాత్రే టికెట్ తీసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి చెరుకుపల్లిలో ఉన్నాను. అమ్మ మంచం పక్కన కూర్చునే మసాలా ప్యాకెట్లు నాలుగు పూర్తిచేసి పంపాను. బాబాయి గుమ్మంలో నిలబడి అదంతా చూస్తున్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఎవరి గురించి ఆలోచిస్తున్నాడో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇది గొప్ప జీవితమని నేను చెప్పను. జనవరి వచ్చేసరికి పర్మిట్ రెన్యువల్‌కు మళ్ళీ డబ్బు సర్దాలి. ఖాతాదారులు లేకుండా, వెళ్ళాక వెతుక్కుందాంలే అని బయల్దేరేవాళ్ళకు ఈ వీసా పనికిరాదు. ముందు ఇక్కడ కూర్చునే ఏడాదో రెండేళ్ళో పని చేయండి. బిల్లులు దాచండి. ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి. ఆ తర్వాతే వీసా సంగతి.

ఈ మధ్య మా వైపు కుర్రాళ్ళు నాకు ఫోన్లు చేస్తున్నారు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళు, యాప్‌లు తయారుచేసేవాళ్ళు, ఏసీ మెకానిక్కులు కూడా. అక్కా, ఫలానా ఏజెంటు ఫ్రీలాన్స్ వీసా అంటున్నాడు, కట్టేయనా అని. నేను ఫోన్‌లో ఎంత చెప్పినా సగమే ఎక్కుతుంది. అందుకని ఒక పని చేస్తున్నాను. డబ్బు కట్టే ముందు ఆ కాగితాలు తీసుకుని ఒకసారి మా బాబాయి మోటార్ల షాపుకు వెళ్ళమంటున్నాను. ఆయనకు ఇంగ్లీషు పెద్దగా రాదు. కానీ స్పాన్సర్ అని రాసి ఉన్న గడి ఎక్కడుందో చూపిస్తే చాలు, అందులో ఏ పేరుందో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు.